తాను చదవని వార్త

హనుమకొండలో సాయంత్రం వార్తలంటే చంద్రమౌళే. లోకల్ కేబుల్ చానల్ పెట్టిన కొత్తల్లో, ఒక పెళ్ళిలో మైకు పట్టుకుని చదివింపులు చదువుతున్న కుర్రవాడి గొంతు విని, యజమాని రాజేశ్వర్ రావు మర్నాడే రమ్మన్నాడు. స్టూడియో అంటే మేడ మీద ఒక గది, వెనక నీలం గుడ్డ. ఆ గదిలోనే చంద్రమౌళి జుట్టు నెరిసింది.

హైదరాబాద్ నుంచి పిలుపులు వచ్చాయి. పోలేదు. "అక్కడ నేను చదివితే ఎవలు వింటాండ్రో తెల్వది. ఇక్కడ తెలుసు" అన్నాడు భార్య శకుంతలతో. ఏ వార్డుకు నల్లా నీళ్ళు రావు, కరెంటు ఎక్కడ పోతుంది, ధర్మసాగర్ చెరువులో నీళ్ళెంత... ఇవే ఆయన వార్తలు. వానాకాలంలో మాత్రం చేతికిచ్చిన కాగితం ఉన్నదున్నట్టు చదివేవాడు కాదు. ముందు ఊరి వాననీళ్ళు పోయే నాలా పక్క బస్తీకి ఫోన్ చేసేవాడు. ఎత్తేది మొగిలమ్మ. కూరగాయల గంప పెట్టుకుని బతికే ముసలామె.

"నీళ్ళు ఎంతదాంక వచ్చినయ్ అవ్వా?"

"ఇంక గడప ఎక్కలే బిడ్డా. నువ్వు పొమ్మను, పోతం."

ఒక ఏడాది ఆయన పొమ్మని చదివాడు. బస్తీ అంతా లేచి బడిలోకి వెళ్ళింది. ఆ సాయంత్రమే ఇళ్ళలో నడుములోతు నీళ్ళు. అప్పటి నుంచి మొగిలమ్మకు ఆయన మాట మీద గురి కుదిరింది. మార్కెట్లో కనిపిస్తే కొత్తిమీర కట్ట చేతిలో పెట్టేది, వద్దన్నా వినేది కాదు.

ఆ తర్వాత కొన్నేళ్ళకు చంద్రమౌళి గొంతులో కాయలు వచ్చాయి. తక్కువ మాట్లాడమన్నాడు డాక్టర్. అప్పటికే చానల్ పనులు రాజేశ్వర్ రావు కొడుకు సాయితేజ చేతికొచ్చాయి. అతనే ఒక రోజు చెప్పాడు.

"అంకుల్, ఒక్కసారి కెమెరా ముందు కూసోని చదవండి. తర్వాత మీ మొఖం, మీ గొంతు కంప్యూటరే తయారు చేస్తది. మీరు ఇంట్లో రెస్ట్ తీసుకోవచ్చు."

చంద్రమౌళి మురిసిపోయాడనే చెప్పాలి. తన గొంతు పోయినా ఊళ్ళో తన గొంతు ఉంటుంది. కొత్త కోటు వేసుకుని వెళ్ళి, అడిగినవన్నీ చదివి, పెట్టమన్నచోట సంతకం పెట్టి వచ్చాడు.

మొదటి సాయంత్రం భార్యాభర్తలిద్దరూ టీవీ ముందు కూర్చున్నారు. తెర మీది చంద్రమౌళి దగ్గలేదు, తడబడలేదు.

"మంచిగనే ఉన్నది" అన్నాడు.

"వాన వార్తయినా, పెండ్లి వార్తయినా ఒక్కతీరుగనే చదువుతాంది" అంది శకుంతల.

నెల తిరిగేసరికి ఆ మాట నిజమని ఆయనకూ తెలిసింది. ఒకసారి కాలనీ పేరు తప్పు వస్తే ఫోన్ చేశాడు. "మేం చూసుకుంటం అంకుల్, మీరు ఫికర్ చేయకండి" అన్నాడు సాయితేజ. మరోసారి చేస్తే ఎత్తలేదు. ఆ తర్వాత ఆయన ఫోన్ చేయడం మానేశాడు. మనసులో మంట మాత్రం మిగిలింది.

ఈ ఏడు వానలు పట్టిన పట్టు విడవలేదు. ఒక మధ్యాహ్నం ఆకాశం చీకటైపోయి కుండపోతగా కురుస్తుంటే టీవీలో ఆయన ముఖం కనిపించింది. "నాలాలో నీటిమట్టం తగ్గుముఖం పట్టింది. లోతట్టు ప్రాంతాల ప్రజలు ఇళ్ళు ఖాళీ చేయాల్సిన అవసరం లేదు."

చంద్రమౌళి కిటికీ వైపు చూశాడు. వానలో ఎదురింటి మెట్లు కనిపించడం లేదు. అది నిన్నటి వార్త. ఎవరో పాతదే మళ్ళీ ఎక్కించారు.

ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. తీసుకుని పక్కన పెట్టాడు. చూసుకుంటామన్నారు గదా, చూసుకోనీ. ఊరంతా నాలుగు తిట్లు తిడితే నా విలువ తెలుస్తుంది. ఆ క్షణాన ఆయనకు లోపల కొంచెం సంతోషం కూడా కలిగింది. శకుంతల చాయ్ తెచ్చింది. తాగాడు.

"మొగిలమ్మకైనా ఫోన్ చెయ్యరాదుండ్రి?" అంది ఆమె.

అప్పుడు చేశాడు. మోగింది. ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. గొడుగు కూడా తీసుకోకుండా స్కూటర్ మీద బయలుదేరాడు గానీ చౌరస్తా దగ్గరే ఇంజన్‌లోకి నీళ్ళు పోయి బండి ఆగింది. నడుచుకుంటూ వెళ్ళేసరికి బస్తీ మొదట్లో తాళ్ళు కట్టి ఉన్నాయి. పోలీసులు అటు పోనీయలేదు.

మొగిలమ్మను ఆమె ఇంటి వెనక గోడ దగ్గర నీళ్ళలోంచి తీశారట. దవాఖానకు తీసుకుపోయేసరికే ప్రాణం లేదు.

మరుసటి రోజు చంద్రమౌళి బస్తీకి వెళ్ళాడు. మొగిలమ్మ కోడలు శ్రావణి ఇంట్లో బురద ఊడుస్తోంది. ఆయన్ని చూసి చీపురు గోడకు ఆనించింది.

"నేను వచ్చి చెయ్యి పట్టి గుంజిన అన్నా. 'లే అత్తమ్మా, పోదాం' అన్న. 'మౌళి ఇప్పుడే చెప్పిండు, పోవుడు అవసరం లేదట, నువ్వు పిల్లలను తీస్కపో' అన్నది. నేను పిల్లలను బడికాడ దించి మర్ల వచ్చేసరికే..."



"అది నేను కాదు చెల్లె" అన్నాడు చంద్రమౌళి. "అది కంప్యూటర్. నా లెక్క చదువుతది. నేను ఇంట్లనే ఉన్న."

శ్రావణి ఆయన ముఖంలోకి చాలాసేపు చూసింది. కోపంగా కాదు, అర్థం చేసుకోవాలని చూసినట్టు.

"ఇంట్లనే ఉంటివా? మరి నువ్వు టీవీ చూల్లేదా అన్నా?"

ఆమె చీపురు అందుకుని మళ్ళీ పనిలో పడింది.

ఆ సాయంత్రం వార్తల్లో మొగిలమ్మ మరణం వచ్చింది. చదివింది ఆయన ముఖమే, ఆయన గొంతే. పేరు సరిగ్గా పలికింది, ఎక్కడా ఆగలేదు. శకుంతల లేచి టీవీ కట్టేసింది.

చంద్రమౌళి రాజేశ్వర్ రావు ఇంటికి వెళ్ళాడు. "నా మొఖం తీసెయ్యండి సార్" అన్నాడు.

"తప్పు మాదే మౌళీ. పిల్లగాండ్లు చూసుకోలే" అన్నాడు రాజేశ్వర్ రావు తల వంచుకుని. "కానీ జనం నిన్నే చూస్తరు. నిన్ను తీస్తే చానల్ ఎవలు పెడుతరు?"

"జనం నన్ను చూస్తరనే అడుగుతాన్న సార్."

ఒప్పించడానికి చాలాసార్లు తిరగాల్సి వచ్చింది. చివరికి దసరా దాటాక తీశారు. ఆ చోట ఎవరూ ఎరగని ఒక అమ్మాయి ముఖం వచ్చింది.

మార్కెట్లో మనుషులు ఇప్పటికీ ఆపుతారు. "ఏందన్నా, టీవీల కనిపిస్తలేవు?" అంటారు. గొంతు బాగాలేదంటాడు. అందరూ నమ్ముతారు. డాక్టర్ కాయలు తగ్గాయన్నాడు, ఇక హాయిగా మాట్లాడవచ్చన్నాడు. కానీ ఇంట్లో కూడా ఆయన మాటలు తగ్గించాడు.

ఒకనాడు శకుంతల అంది: "ఆ మిషన్ చదివినదానికి మీరేం చేస్తరు? ఎన్నాళ్ళు కుములుతరు?"

"మిషన్ సంగతి కాదు" అన్నాడు చంద్రమౌళి. "ఫోన్ పక్కన పెట్టి చాయ్ తాగిన చూడు. అది మిషన్ తాగలే."