వచ్చేటప్పుడు మోసేది

వెళ్లేటప్పుడు అక్క మోయాలి, వచ్చేటప్పుడు చెల్లెలు మోయాలి. పరుగు కోసం గ్రౌండుకి వెళ్లడం మొదలెట్టిన నాడే అక్కచెల్లెళ్లిద్దరూ పెట్టుకున్న ఒప్పందం అది. ఒకటే బ్యాగు. అందులో రెండు జతల బూట్లు, తువ్వాళ్లు, మార్చుకునే బట్టలు, నీళ్ల సీసా. చెమట బట్టలతో వచ్చేటప్పుడే బరువెక్కువని చెల్లెలు దారంతా సణిగేది. సణుగుతూనే మోసేది. ఒక్కరోజూ ఎగ్గొట్టిన పాపాన పోలేదు.

కిందటేడు వానాకాలంలో జ్వరమొచ్చి చెల్లెలు పోయింది. అక్క పరుగు మానేసింది గానీ గ్రౌండు మానలేదు. పొద్దున్నే రెండు జతల బూట్లూ సర్దుకుని వెళ్లడం, గట్టు మీద కాసేపు కూర్చోవడం, తిరిగి రావడం. ఇదేం పనే తల్లీ అని అమ్మ నెత్తీ నోరూ కొట్టుకునేది. అక్క ఏమని చెబుతుంది? వెళ్లేటప్పుడు భుజం కోసేసే బ్యాగు ఇంటిదారి పట్టగానే దూదిమూటలా తేలిపోతోందనా? పక్కనే ఇంకో జత బూట్లు కిర్రుకిర్రుమంటూ నడిచొస్తున్నాయనా? భయం వేసేది. చచ్చినా పక్కకి తిరిగి చూసేది కాదు. అయినా ఆ నడక కోసమే ఆవిడకి తెల్లారేది.

ఆ బ్యాగు పట్టీ కాస్తా తెగి కూర్చుంది. అక్క చేసేది కుట్టుపనే, ఇదివరకు ఎన్నిసార్లు అతికించిందో లెక్కలేదు. ఈసారి కుట్టు నిలవడానికి గుడ్డంటూ మిగల్లేదు. సూది దించిన చోటల్లా చిరుగే. కొత్తది కొనక తప్పదు. కొత్తదాన్ని చెల్లెలు మోస్తుందా మోయదా అన్నదే అక్క దిగులు.

మధ్యాహ్నం పాత బ్యాగును సామానుతో సహా చంకనెత్తుకుని బ్యాగుల షాపుకి వెళ్లింది. షాపాయన మహా మాటకారి.

"ఈ జిప్పు చూడమ్మా, మీ మనవలు కూడా వాడుకుంటారు."

"పెళ్లే కాలేదు, అప్పుడే మనవల దాకా వెళ్లకండి" అని అక్క బ్యాగుని తిరగేసి లోపలి కుట్లు చూసింది. ఒంటికుట్టు. పట్టీని పైపైన అంటించినట్టు కుట్టారు. పక్కన పెట్టింది. ఆయన తీసిన వాటిలో మూడే ఆవిడ కళ్లకి ఆనాయి.

మొదటిదాంట్లో సామానంతా సర్దింది. "వీధి చివరిదాకా మోసుకెళ్లి వస్తాను."

"బ్యాగుతో అటే వెళ్లిపోతేనో?"

"నా పర్సు ఇక్కడే పెడతాలెండి."

వెళ్లేటప్పుడు బరువుంది. ఉండాల్సిందే. వీధి చివర వెనక్కి తిరిగి, ఊపిరి బిగబట్టి నడిచింది. బరువు బరువులాగే ఉంది. రెండోదీ అంతే. మూడోది మందపాటి కాన్వాసు. పట్టీ మొదట్లో నాలుగువైపులా కుట్టేసి, మధ్యలో అడ్డంగా కూడా కుట్టారు. వంక పెట్టడానికి లేదు. దాంతోనూ తిరిగొచ్చింది. పక్కన కిర్రుమన్న చప్పుడు లేదు. చెల్లెలు పాత బ్యాగుతోనే సరి అనుకుంటూ అక్క దాన్ని బల్ల మీద దించింది.

షాపాయన ఆవిడ మొహం చూసి గొంతు తగ్గించాడు. "ఇది గట్టిదమ్మా. అడుగున బూట్లకి వేరే అర కూడా ఉంది, తడి పైబట్టలకి అంటదు. కాకపోతే ఒక జతే పడుతుంది. రెండో జత ఎవరిది?"

"మా చెల్లెలిది."

"ఆమెవి ఆమె మోసుకోదా?"

"ఇన్నాళ్లూ మోసింది. ఇక మోయదు."

అక్క చెల్లెలి బూట్లు తీసి బల్ల మీద పెట్టింది. లేసులు సరిచేసింది. "ఎవరికైనా పనికొస్తే ఇచ్చెయ్యండి" అంది. పాత బ్యాగునీ అక్కడే వదిలేసింది. డబ్బిచ్చి, వెనక్కి చూడకుండా బయటపడింది.

ఎండ మాడు పగలగొడుతోంది. వీధి చివర దాటి, మందుల షాపు దగ్గర ఇంటివైపు మలుపు తిరిగింది.

భుజం తేలికైపోయింది.

ఎంత తెలివితక్కువ పని చేసింది తను! షాపుకి తిరిగి రావడం కూడా ఒక రావడమేనా? వాళ్లిద్దరికీ రావడమంటే ఇంటికి రావడమే. ఇంటిదారి పడితే గానీ చెల్లెలి వంతు రాదు కదా. మొండిఘటం, ఎప్పుడూ ఇంతే, తన వంతు కాకపోతే వేలు కూడా ఆనించదు. అక్కకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"వచ్చావుటే" అంది. చెల్లెలు పోయాక ఇంటిదారిలో అక్క నోరు విప్పడం అదే మొదలు.

పక్కన అడుగులు వినబడ్డాయి. ఎప్పటిలా కిర్రుమనడం లేదు. తపతపమంటున్నాయి, తొందరగా, ఒక కాలు ఆనీ ఆనకముందే రెండోది ఎత్తేస్తున్నట్టు. నిప్పులా కాలే రోడ్డు మీద వట్టికాళ్లతో నడిచేవాళ్ల అడుగులు.

అక్కకి ప్రాణం గిలగిల్లాడింది. మొట్టమొదటిసారి పక్కకి తిరిగి చూసింది. ఎవరూ లేరు. మందుల షాపు గోడ వారన కాస్త నీడ ఉంది.

"ఆ నీడలో నిలబడవే తల్లీ. ఇప్పుడే తెచ్చేస్తా."

వెనక్కి తిరగ్గానే బ్యాగు బరువంతా భుజాన పడింది. వెళ్లేటప్పుడు తన వంతు మరి. అక్క పట్టీ బిగించుకుని, చెల్లెలు పోయాక ఒక్కసారీ పరుగెత్తని కాళ్లతో, షాపు వైపు పరుగెత్తింది.