రాజమల్లు తెచ్చిన రాయి

రాజమల్లుకు అబద్ధమాడందే అన్నం సయించదని గోదావరిఖని క్వార్టర్ల వరసంతా ఎరుకే. బాయిలో బొగ్గు తవ్వుతుంటే పులి ఎదురైందనేవాడు, గోదావరిలో మొసలి తోక పట్టి లాగాననేవాడు. పెళ్లాం కనకవ్వ అన్నింటికీ నవ్వేది. ఒక్క మాట మాత్రం నమ్మింది. పెళ్లయిన కొత్తలో అతను హైదరాబాదు నుంచి తెచ్చిన ఒంటిరాయి ముక్కుపుల్ల వజ్రమేనన్న మాట.

అతను పోయాక పదో దినాన ఆ ముక్కుపుల్ల తీసేశారు. ఆనవాయితీగా అది పెద్దకోడలు జమునకు రావాలి. అంతలో సకల జనుల సమ్మె మొదలై బాయి బంద్ అయింది. పెద్దకొడుకు సదయ్య డ్యూటీ లేక ఇంటిపట్టునే ఉన్నాడు. అందరూ కూర్చుని ఉండగా ఒకనాడు జమునే ఆ ముచ్చట ఎత్తింది.

“అత్తా, గిది నిజంగ వజ్రమేనా? అమెరికన్ డైమండ్లని నకిలీ రాళ్లు వస్తున్నయ్, ఇంతకంటె మెరుస్తయ్.”

“ఇది తెచ్చిననాడు నీ అమెరికా రాళ్లు ఏడున్నయే?”

“గాజు రాళ్లన్న ఉండెగద! మామ ముచ్చట్లు మనకు ఎరుకలేవా?”

జమున ముక్కుపుల్లను బీరువా అద్దం మీద గీసింది. తెల్లటి గీత పడింది. “అగో, కోసింది!” అని తనే సంబరపడింది. చిన్నకోడలు శోభ నవ్వి, “నా ఉంగరం చూడక్కా, ఉత్త అమెరికన్ డైమండ్,” అంటూ తన రాయితోనూ గీసింది. అదీ అంతే గీసింది. బీరువా అద్దం పాడైంది తప్ప సంగతి తేలలేదు.

రాయి ఎవరికి పోయినా కనకవ్వకు చింత లేదు. ఇన్నేళ్ల కాపురంలో ఆ మనిషి తనకు ఒక్క నిజమైనా చెప్పాడా లేదా అన్నదే ఆమెకు పట్టుకుంది.

సదయ్య లేచాడు. బాయిలో పైకప్పు కిందికి పోయేముందు ఇనపకడ్డీతో కొట్టి చూస్తారు. ఖంగుమంటే గట్టిది, బోలుగా మోగితే ఊడిపడేది. కొట్టి చూడందే దేన్నీ నమ్మకపోవడం అతనికి ఒంటబట్టింది.

“వజ్రమైతె సుత్తెకు పగలదవ్వా. ఒక్క దెబ్బ చాలు.”

“వద్దురా.”

“నిజమైనదైతె నీకేం ఫికర్?”

కనకవ్వ పక్కకు జరిగింది. సదయ్య రాయిని గూటిలోంచి ఊడదీసి, వాకిట్లో బండ మీద పెట్టి కొట్టాడు. రాయి రెండు ముక్కలైంది.

“గాజే!” అంది జమున. “మామ సచ్చిగూడ మనల ఆగం జేసిండు. నాకొద్దు, శోభకే ఇయ్యి.”

 కనకవ్వ దండ వేసిన రాజమల్లు ఫొటోను గోడవైపు తిప్పి, వంకాయలు తరగడానికి కూర్చుంది.

గూడు బంగారమే కదా, వేరే రాయి పెట్టిద్దామని సాయంత్రం శోభ అత్తను వెంటబెట్టుకుని కంసాలి బ్రహ్మయ్య కొట్టుకు పోయింది. ముక్కలు కూడా పొట్లం కట్టి తెచ్చింది. బ్రహ్మయ్య భూతద్దం కంటికి ఆనించి చాలాసేపు చూశాడు.

“ఎవరు పగలగొట్టిన్రు?”

“నా కొడుకు. గట్టిదా కాదా అని సుత్తెతోని కొట్టిండు.”

“గీతకు గట్టిదిగని దెబ్బకు కాదవ్వా. కట్టెకు నార ఉన్నట్టే దీనికి పొర ఉంటది, దానెంబడి దెబ్బ పడితె చీలుతది. గాజైతె పగిలినకాడ చిప్పలెక్క గుంటపడుతది. గిది చూడు, ఎంత చదునుగ ఉన్నదో.”

పక్కన పడేసిన కెంపు ఒకటి తీసి, రాయి ముక్క అంచుతో గీశాడు. కెంపు మీద గీత పడింది. శోభ ఉంగరం అడిగి దాని రాయితో గీశాడు. ఏమీ కాలేదు.

“అద్దాన్ని అన్ని రాళ్లు గీస్తయ్. కెంపును గీసిందంటె ఇది వజ్రమే.”

కనకవ్వ కొట్టు మెట్టు మీద కూర్చుంది.

“చెప్పిండు,” అంది. “చెప్పనే చెప్పిండు.”

బ్రహ్మయ్య అడిగాడు. “ఇద్దరు కోడండ్లకు రెండు పుల్లలు చెయ్యాల్నా అవ్వా?”

“పెద్ద ముక్కను అదే గూట్ల కూసోబెట్టు. నాకే.”

శోభ గతుక్కుమంది. “అత్తా, మామ పోయినంక నువ్వు ముక్కుపుల్ల పెడితె వాడకట్టోళ్లు అడగరా?”

“అడిగితె వజ్రమని చెప్పు.”

బ్రహ్మయ్య పనికి కూర్చున్నాడు. కనకవ్వ వేలితో ముక్కు తడిమి చూసుకుంది. కుట్టించిన బెజ్జం ఇంకా పూడలేదు.