పాత ట్యూబు పొర

నాకు కాలు ఒక్కచోట నిలవదు. ఆ సంగతి నా భార్య సాబిరా పెళ్లయిన వారానికే కనిపెట్టింది. చేతులు అంతకన్నా అన్యాయం. పని లేకపోతే ఎవరి సైకిలుకో బ్రేకు బిగిస్తాను, అడక్కపోయినా గొలుసుకు నూనె వేస్తాను. ఏలూరు పవర్‌పేటలో నలభై ఏళ్లుగా పంక్చర్లు వేస్తున్న అబ్దుల్ మజీద్‌ని నేనే. అలాంటివాడి ఇంట్లో, పంక్చరే పడని టైరు కావాలంటూ కన్నకూతురు మూడు వారాలు ఫోను పట్టుకుని కూర్చుంటే ఎలా ఉంటుంది? నాకైతే ఒళ్లు మండింది.

హుమా ప్రైవేటు కాలేజీలో ల్యాబు అసిస్టెంటు. తెల్లవారగానే సైకిలెక్కి యాభై కిలోమీటర్లు తొక్కి వచ్చి, అప్పుడు డ్యూటీకి పోతుంది. ఈసారి తాడేపల్లిగూడెం నుంచి కైకలూరుకి సైకిలు పందెం పెట్టారు. ఉంగుటూరు మీదుగా ఏలూరు శివారు దాకా తారు రోడ్డు, అక్కణ్ణుంచి కొల్లేరు చెరువు గట్లు. మొదటి ముగ్గురు అమ్మాయిలకు రాష్ట్ర శిక్షణ శిబిరంలో చోటు. ఇరవై మూడు నిండితే తీసుకోరు. హుమాకు జనవరిలో నిండుతాయి. అంటే ఇదే ఆఖరి అవకాశం.

సన్న టైరు వేస్తే తారు మీద దూసుకుపోతుంది, గట్టెక్కగానే జారుతుంది. గుబ్బల టైరు మట్టిని పట్టుకుంటుంది గానీ తారు మీద కాళ్లు పీకేస్తుంది. పందెంలో రెండూ ఉన్నాయి, సైకిలు ఒకటే. ఈ తంటా తేల్చుకోవడానికే ఆ మూడు వారాలు. చివరికి ఒక జత తెప్పించింది.

"చూడండి నాన్నా. మధ్యలో నున్నగా ఉంది, తారుకి. పక్కల గుబ్బలు మట్టికి. లోపల గట్టి పట్టీ ఉంది, ముల్లు దిగదు."

"ఆ సంగతి ముల్లుకి చెప్పావా?" అన్నాను.

షాపు వెనక నుంచి తుమ్మముల్లు తెచ్చి టైరు మధ్యలో నొక్కాను. ముల్లే విరిగింది. పక్కగోడ మీద నొక్కాను. అరటిపండులోకి దిగినట్టు దిగింది.

"పక్కల పట్టీ ఉండదు నాన్నా. ఉంటే బరువు పెరుగుతుంది. తెలిసే తీసుకున్నాను."

"గట్ల మీద కంప ఉంటుందే తల్లీ!"

దొంగవలలు పడకుండా చేపల చెరువుల్లో తుమ్మకంప ముంచి ఉంచుతారు. చేపలు పట్టే రోజున దాన్ని పైకి లాగి గట్టున పడేస్తారు. ఆ గట్ల మీద తిరిగే పాల సైకిళ్లకి, చేపల పెట్టెల సైకిళ్లకి నా దగ్గరొక మందుంది. పాత ట్యూబును నిలువునా కోసి, టైరుకీ కొత్త ట్యూబుకీ మధ్య పొరలా పరుస్తాను. ఎంత ముల్లయినా ఆ పొరలోనే ఆగిపోతుంది. వెనక చక్రానికి అది వేద్దామన్నాను.

"వద్దు నాన్నా. మీకు పుణ్యముంటుంది, వద్దు."

సరే అన్నాను. అన్నానే గానీ రాత్రీ పగలూ అదే ధ్యాస. అన్నం తింటున్నా ఆ పక్కగోడే కళ్ల ముందు కనిపించేది.

శనివారం మధ్యాహ్నం హుమా పందెం నంబరు తెచ్చుకోవడానికి వెళ్లింది. సైకిలు వరండాలో ఉంది. నా చేతులు ఊరుకోలేదు. వెనక చక్రం విప్పి పొర పరిచాను. దాని రెండు కొసలూ ఒకదాని మీదొకటి వచ్చేచోట కత్తితో పలచగా చెక్కాలి. లేకపోతే ఆ దళసరి అంచు ట్యూబును కోస్తుంది. ఇంతలో వీధిలో హుమా గొంతు వినిపించింది. చెక్కకుండానే టైరు ఎక్కించి గాలి కొట్టేశాను. నొక్కితే రాయిలా ఉంది. గాలి గట్టిగా ఉన్నంతసేపు పొర కదలదు, అంచు ఏమీ చెయ్యదు. నలభై ఏళ్లలో నా షాపుకి వచ్చి గాలి తగ్గించమన్నవాడు ఒక్కడూ లేడు.

ఆదివారం పొద్దున్నే స్కూటరేసుకుని ఏలూరు శివారుకి పోయాను. తారు అయిపోయి గట్టు మొదలయ్యేచోట ఒక షామియానా వేశారు. పందెం నడిపించే ఫణీంద్రగారు పేర్లు రాసుకుంటున్నారు. నేను రెండు టీలు తాగాను, ఆ షామియానా చుట్టూ ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు. మొదట మగపిల్లలు వచ్చారు. వచ్చినవాడు వచ్చినట్టు ఆగి, వంగి, చక్రంలోంచి గాలి వదిలేస్తున్నాడు.

"ఏవండీ, వీళ్లకేం పోయేకాలం? గాలి తీసేస్తున్నారేంటండీ?"

ఫణీంద్రగారు నవ్వారు. "గట్టు మీద జారకుండానండీ. గాలి తగ్గిస్తేనే టైరు మట్టిని పట్టుకుంటుంది. మీ అమ్మాయికి తెలుసులెండి, తనూ తీస్తుంది."

గాలి తగ్గితే టైరు నలుగుతుంది. టైరు నలిగితే పొర కదులుతుంది. చెక్కని ఆ అంచు ట్యూబును రుద్ది రుద్ది, పది కిలోమీటర్లు పోకముందే కోసేస్తుంది.

"నేను ఒక్కసారి ఆ చక్రం విప్పి..."

"అయ్యో, కుదరదండీ. రిపేరైనా ఏదైనా తొక్కేవాళ్లే చేసుకోవాలి. మీ చెయ్యి పడితే అమ్మాయిని తప్పించేయాల్సి వస్తుంది."

అప్పుడు నాకొక పాడు ఆలోచన వచ్చింది. చెప్పకపోతే? పొర కదలకపోవచ్చు. కదిలి ట్యూబు తెగినా తుమ్మముల్లే అనుకుంటుంది. చూశావా, నేను చెప్పలేదా అని నేనే పెద్దరికం చెయ్యొచ్చు. ఇలా అనుకున్నానని చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. కానీ అనుకున్నాను.

అమ్మాయిల్లో హుమా మూడోదిగా వచ్చింది. నన్ను చూసి నవ్వింది. ఆగి, వెనక చక్రం దగ్గర వంగి గాలి మూత తిప్పబోయింది. ఆ నవ్వు చూశాక నోరు మూసుకోవడం నావల్ల కాలేదు.

"తల్లీ, అందులో పొర వేశాను."

చెయ్యి ఆగిపోయింది. "ఎప్పుడు?"

"నిన్న. నువ్వు లేనప్పుడు."

"అంచులు చెక్కారా?"

"లేదమ్మా. తొందరలో..."

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. నా వంక ఒక్క క్షణం చూసి, సైకిలు తిరగేసి చక్రం విప్పడం మొదలుపెట్టింది. నేను రెండు చేతులూ చంకల్లో బిగించుకుని నిలబడ్డాను. టైరు అంచు రిమ్ము దగ్గర పట్టేసింది. అక్కడ బొటనవేలితో ఎలా నొక్కాలో నాకు తెలుసు, నా చెయ్యి దానంతటదే ముందుకు పోయింది. ఫణీంద్రగారు "మజీద్‌గారూ!" అని అరిచారు. వెనక్కి తీసుకున్నాను. ఈలోగా ముగ్గురు అమ్మాయిలు వచ్చి, గాలి తీసుకుని వెళ్లిపోయారు. వాళ్లలో సిల్వియా అనే పిల్ల ఆగి సాయం కావాలా అని అడిగింది. హుమా తలెత్తకుండానే వద్దంది.

తొమ్మిది నిమిషాలు పట్టింది. పొరను నా చేతిలో పెట్టి, గాలి కొట్టుకుని గట్టెక్కి వెళ్లిపోయింది.

నేను తారు రోడ్డున కైకలూరు చేరేసరికి ఒళ్లంతా చెమట. ఐసు ఫ్యాక్టరీ పక్కన పందెం ముగిసేచోట నిలబడలేక, కూర్చోలేక చచ్చాను. మొదట ఇద్దరు అమ్మాయిలు వచ్చారు. తర్వాత సిల్వియా వచ్చింది. రెండు నిమిషాల తర్వాత హుమా వచ్చింది. తనను దాటిపోయిన ముగ్గురిలో ఇద్దరిని మళ్లీ దాటింది, సిల్వియాను మాత్రం అందుకోలేకపోయింది. నాలుగో స్థానం.

దగ్గరికి పోయి టైర్లు చూశాను. వెనక టైరు మధ్యలో మూడు ముళ్లు విరిగి ఉన్నాయి. ఒక్కటీ లోపలికి దిగలేదు. పక్కగోడల మీద గీతలే తప్ప చిల్లు లేదు. పిల్ల ఎంచుకున్న టైరు పిల్ల చెప్పినట్టే నిలబడింది. పిల్ల శిబిరం పోగొట్టింది తుమ్మకంప కాదు, నేను.

హుమా నీళ్లు తాగి, మొహం తుడుచుకుంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నాకు ఎందుకు చెప్పలేదు నాన్నా?"

"చెబితే వద్దంటావని."

"వద్దనేదాన్నే. అది నా సైకిలు కదా."



సామాను ఆటో వచ్చింది. హుమా సైకిలును అందులోకి ఎత్తబోయింది. ముందు చక్రం ఆటో అంచుకి తగులుకుంది. నేను రెండడుగులు వేసి ఆగాను.

"పట్టుకోనా అమ్మా?"

ఇన్నేళ్లలో నేను దాన్ని అడిగి ఒక పని చెయ్యబోవడం అదే మొదటిసారి.

"వద్దు" అంది.

నేను పక్కకి జరిగి నిలబడ్డాను.