మంచులో ఎర్రచుక్క

"చూశానని చెప్పక్కా. ఒక్క మాట. నీ సొమ్మేం పోతుంది?"

విన్నీ కళ్ళు ఉబ్బి ఉన్నాయి. హెస్టర్ లోత్రప్ కుంచెలు కడుగుతున్న చేతిని ఆపకుండా అంది:

"చూశానో లేదో నాకే తెలియకపోతే ఎలా చెప్పనే?"

"పొద్దస్తమానం ఆ కిటికీ దగ్గరే ఉంటావు. ఎదురుగా చర్చి. చర్చి ముందు ఎమెట్. మెడలో ఎర్ర మఫ్లరు. బాస్టన్‌లో గుడ్డివాడికి కూడా కనబడేవాడు!"

"ఆ రోజు మంచు పడుతోంది."

"మంచు పడుతుంటేనే కదా నువ్వు బొమ్మ వేసేది!"

హెస్టర్ ఇంకో కుంచె అందుకుంది.

ఫిబ్రవరిలో ఒక మంచు మధ్యాహ్నం, ఆ వీధి చివర నగల దుకాణంలో దొంగ పడ్డాడు. యజమాని తల పగలగొట్టి గడియారాలు ఎత్తుకుపోయాడు. సరిగ్గా అప్పుడే చర్చిలో ఎవరో ఓడల షావుకారు శవయాత్రకు గంట మోగుతోంది. యజమాని కోలుకుని నోరు తెరిచేసరికి ఏప్రిల్ వచ్చింది. అతనికి గుర్తున్నది ఒక్కటే, ఎర్ర మఫ్లరు. ఆ వీధిలో ట్రామ్ కండక్టరు ఎమెట్ డూలీ మఫ్లరు తెలియని వాళ్ళు లేరు. పోలీసులు అతన్ని తీసుకుపోయారు.

గంట మోగుతున్నంతసేపూ తాను చర్చి పక్క వాకిలి కటకటాల దగ్గరే ఉన్నానంటాడు ఎమెట్. ఆకుపచ్చ శాలువా కప్పుకున్న ఒక ముసలమ్మ మంచులో జారితే, చెయ్యి పట్టుకుని నిలబెట్టాడట. ఆ ముసలమ్మ ఎవరో ఇంతవరకు తేలలేదు.

ఎమెట్ అంటే హెస్టర్‌కు మొదటినుంచీ పడదు. లోత్రప్‌ల పిల్ల విన్నీ ట్రామ్ కండక్టరును చేసుకోవడమేమిటని ఇంట్లో అందరికంటే ముందు గొడవపెట్టింది తనే. ఇప్పుడు అతని బతుకు తన కంటిచూపు మీద వేలాడుతోంది. ఆ కన్ను ఏం చూసిందో తనకు తెలియదు.

తెలియకపోవడంలో వింత కూడా లేదు. ఆ చలికాలమంతా అదే కిటికీ నుంచి అదే చర్చిని ఎన్నిసార్లు వేసిందో! మంచు బొమ్మలు వేడివేడి రొట్టెల్లా అమ్ముడుపోయాయి. బూడిదరంగు ఎక్కువైన చోటల్లా ఒక ఎర్రచుక్క పెట్టడం ఆమెకు అలవాటు. చూసేవాళ్ళు దాన్ని మనిషి అనుకుంటారు. అది మనిషో, ఉత్త ఎర్రరంగో ఆమె ఎప్పుడూ ఆలోచించలేదు.

శవపేటిక బండి ఉన్న బొమ్మ మాత్రం ఒక్కటే. అది ఆమె బొమ్మలు అమ్మిపెట్టే పిక్‌ఫర్డ్ దుకాణంలో ఉంది.

విన్నీ కబురు అందుకున్న డిటెక్టివ్ ట్రాస్క్ అక్కాచెల్లెళ్ళకంటే ముందే అక్కడికి చేరాడు. బొమ్మకు ముక్కు ఆనించి చూస్తున్నాడు.

"మేడమ్, దగ్గరకొస్తే ఇందులో ఏమీ కనబడదేమిటి? అంతా ముద్దలే."

"దూరంగా నిలబడి చూడాలి."

"సాక్షులు కూడా ఇంతే. దూరంగా ఉంటేనే బాగుంటారు." వెనక్కి జరిగాడు. "ఆఁ. చర్చి. నల్ల బండి. సరే, గంట మోగిన సమయమే. ఇదిగో ఎర్రటోడు. కానీ వీడు దీపస్తంభం దగ్గరున్నాడే! మీ ఎమెట్ కటకటాల దగ్గరన్నాడుగా? పైగా ముసలమ్మేదీ?"

విన్నీ అక్క మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

హెస్టర్ బొమ్మకేసి చూసింది. దీపస్తంభం పక్కన ఎర్రచుక్క చక్కగా కుదిరింది. మరీ చక్కగా కుదిరింది. నిజం మనుషులు బొమ్మకు పనికొచ్చే చోట ఎప్పుడు నిలబడ్డారు గనక? ఈ చుక్క కావాలని పెట్టింది. మరి అసలుది?

కటకటాల దగ్గర మంచు వైపు వంగింది. మిగతా మంచంతా పల్చగా, హడావుడిగా ఉంది. అక్కడ మాత్రం రంగు మందంగా ఉంది, దిద్దినట్టు.

"పిక్‌ఫర్డ్ గారూ, ఒక కత్తి ఇవ్వండి."

"కత్తా? మిస్ లోత్రప్, దీన్ని ఒకాయన అడిగి వెళ్ళారు! ఈ ఏడాది మీ బొమ్మలన్నిట్లో..."

"ఇవ్వండి."

ఎండిన తెలుపును కత్తిమొనతో కొద్దికొద్దిగా లేపింది. పెచ్చులు రాలి నేలమీద పడ్డాయి. పిక్‌ఫర్డ్ మొహం తిప్పేసుకున్నాడు. తెలుపు కింద బూడిదరంగు. దానికింద గులాబీ మరక. ఇంకొంచెం గీకింది. ఎరుపు. ఎరుపుకు ఆనుకుని ఆకుపచ్చ.

విన్నీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ట్రాస్క్ మళ్ళీ ముక్కు ఆనించి చూశాడు. చివరికి అడిగాడు. "ఇది నిన్న రాత్రి వేసి పైన తెలుపు పూశారని ఎవరైనా అంటే?"

"నూనెరంగు ఇంత మందాన ఒక్క రాత్రిలో ఆరదు. గోటితో నొక్కి చూడండి. పైగా బొమ్మ మార్చిలోనే ఇక్కడికొచ్చింది. అప్పటికి ఎవరూ ఎవరినీ అనుమానించలేదు. ఆకుపచ్చ శాలువా మాట పుట్టనేలేదు."

ట్రాస్క్ గోటితో నొక్కాడు. పిక్‌ఫర్డ్ వైపు చూశాడు. ఆయన మార్చి నెలేనని తలూపాడు.

"మరి చెరిపి పక్కకెందుకు జరిపారు?"

"పిక్‌ఫర్డ్ గారే అన్నారు. ఎరుపు మధ్యలో పడి కంటికి అడ్డం వస్తోందని."

ట్రాస్క్ టోపీ పెట్టుకున్నాడు. "ముద్దలే, కానీ పనికొచ్చే ముద్దలు. సాయంత్రానికి మీవాణ్ణి విడిపిస్తాను."

విన్నీ అక్కను వాటేసుకుని, ఏడ్చి, నవ్వి, డిటెక్టివ్ వెనకే స్టేషనుకు పరుగెత్తింది.

పిక్‌ఫర్డ్ మెల్లగా పెచ్చులు ఏరుతున్నాడు.

"మిస్ లోత్రప్, డిటెక్టివ్ ముందు మీ మాట కాదనడం ఎందుకని ఊరుకున్నాను. ఎర్రమనిషి సంగతి నేనెప్పుడన్నాను? నల్ల బండి వెనకున్న రెండో బండి బొమ్మకు బరువుగా ఉంది, తీసెయ్యమన్నాను. అదైనా మీరు తీయలేదు. బొమ్మ నా దగ్గరకు వచ్చేసరికే వాడు దీపస్తంభం దగ్గరున్నాడు."

హెస్టర్ రెండో బండిని చూసింది. అది అక్కడే ఉంది.

"మీరన్నారు," అంది.

"అనలేదమ్మా."

మూడో అంతస్తు కిటికీలోంచి, మంచు తెరలో, శాలువాలో ఉన్నది ముసలిదో పడుచుదో తెలుస్తుందా? ఎమెట్ పట్టుకున్నది ఎవరి చెయ్యని అనుకుంది తను? అసలు ఏమైనా అనుకుందా? విన్నీ చూడకూడదని చెరిపిందా? కోపంతో చెరిపిందా? లేక ఊరికే, రంగు కుదరకా? ఎంత తవ్వినా లోపల అంతా తెల్లగానే ఉంది.

సాయంత్రం స్టేషను మెట్లు దిగుతూ ఎమెట్ మఫ్లరు సర్దుకున్నాడు. మనిషి చిక్కిపోయాడు.

"వదినగారూ, మీ కన్ను చల్లగుండ! నా మీద మీకు మంచి అభిప్రాయం లేదనుకున్నాను."

"ఆ రోజు," హెస్టర్ ఆగింది. "నువ్వు మా కిటికీ వైపు చూశావా?"

"చూశాను. ముసలమ్మ లోపలికి వెళ్ళాక చెయ్యి కూడా ఊపాను. మీరు కర్టెను లాగేశారు. మీకు నేను కనబడలేదేమోలే అనుకుని పోలీసులకు చెప్పలేదు."

విన్నీ నవ్వింది. "మా అక్క పనిలో ఉంటే దేవుడొచ్చి చెయ్యి ఊపినా అంతే! పదండి, ఆకలేస్తోంది."

వాళ్ళిద్దరూ ముందు నడిచారు. హెస్టర్ వెనకే నడుస్తూ తన గదిని కళ్ళముందుకు తెచ్చుకుంది. కిటికీ వచ్చింది. చర్చి వచ్చింది. మంచు వచ్చింది. ఆ కిటికీకి కర్టెను ఉందో లేదో మాత్రం ఎంతకీ గుర్తురాలేదు.