నల్ల అంచు కాగితం

శవం మూడోసారి తుమ్మింది. "మళ్లీ తీద్దాం!" అని అరిచింది కూడా శవమే.

దెసాంకా కెమెరా ఆపకుండానే బల్ల మీద పెట్టి కుర్చీలో కూలబడింది. పదకొండేళ్లుగా ఇదే వరస. ఆమె మొగుడు వెలిబోర్ ఒకప్పటి రాక్ గాయకుడు. జ్రెన్యానిన్ ఊళ్లో తనను మరిచినవాళ్లు లేరని అతని నమ్మకం. వాళ్ల బృందం వేసింది ఒకే ఒక్క రికార్డు, పన్నెండు పాటలు. అన్నింటికీ ఇంట్లోనే వీడియోలు తీస్తానని కూర్చున్నాడు. స్నానాల గది జలాంతర్గామి అయింది. ఎర్రమిరప పచ్చడి సీసాలకు కాగితపు కళ్లు అంటించి ప్రేక్షకుల్ని చేశాడు. కోపాలూ ఏడుపులూ అన్నీ అయిపోయి దెసాంకాకు ఇప్పుడు మిగిలింది అలసటే.

ఇక పన్నెండో పాట ఒక్కటే ఉంది. దాని పల్లవిలో రెండో గొంతు ఓస్తోయాది. గిటారు వాయించేవాడు, నదికి అవతల ఉంటాడు. ఒక కచేరీలో ఎవరు ముందు నిలబడాలన్న గొడవతో పందొమ్మిదేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు.

"ఫోన్ చేసి పిలవరాదూ? వాడొస్తే పాట అయిపోతుంది, నా వంటిల్లు నాకొస్తుంది."

"చేస్తే వాడే చెయ్యాలి. నేను చచ్చినా చెయ్యను."

"చచ్చేగా పడుకున్నావు!"

ఆ పాటలో గాయకుడు చనిపోతాడు. అందుకని చావు జరిగితే తలుపులకు అంటించే నల్ల అంచు కాగితం ఒకటి తన ఫొటోతో తనే అచ్చు వేయించాడు. నిన్న దాన్ని కింద వీధి తలుపుకు అంటించి వీడియో తీశారు. కళ్లజోడు లేక దెసాంకా అందులో ఏముందో చదవనే లేదు. "పీకేసి రా" అన్నాడు వెలిబోర్. నాలుగంతస్తులు, లిఫ్టు పనిచెయ్యదు. పొద్దున చూద్దాంలే అనుకుని మరిచిపోయింది.

గంట మోగింది. రెండో అంతస్తు మిలుంకా, తలకు నల్ల గుడ్డ, చేతిలో పరామర్శకు తెచ్చిన కాఫీ పొట్లం. లోపల శవం లేచి కూర్చోవడం చూసి గుండె పట్టుకుంది.

"బతికే ఉన్నావూ? ఇకనుంచైనా ప్రశాంతంగా నిద్రపోతామనుకున్నాం!" అని పొట్లం వెనక్కి పట్టుకుపోయింది.

దెసాంకా నాలుక కరుచుకుని మెట్లకేసి పరుగెత్తింది. మూడో అంతస్తులో ఎవరో మోకాళ్లు పట్టుకుని ఆయాసపడుతున్నారు. నల్ల చొక్కా, ఒక చేతిలో కాఫీ పొట్లం.

"వదినా... ఇప్పుడే బజార్లో విన్నాను..." అంటూ ఓస్తోయా ఆమెను పట్టుకుని బావురుమన్నాడు. ఆమె చెయ్యి పట్టుకుని పైకి తీసుకొచ్చింది.

వెలిబోర్ శవంలా కనపడాలని మొహం నిండా పూసుకున్న పిండితోనే రొట్టె నములుతున్నాడు. ఓస్తోయా కొట్టడానికి చెయ్యెత్తి, దించేశాడు. జేబులోంచి తలుపు మీంచి పీకిన కాగితం తీశాడు.

"'దుఃఖిస్తున్నవారు: భార్య దెసాంకా, తమ్ముడు ఓస్తోయా.' ఇది రాసిందెవడ్రా?"

"నేనే."

"తమ్ముడినా? ఆ మాట బతికుండగా ఒక్కసారి అనడానికి నీకేం రోగం?"

"కింద పేర్లుండాలి కదరా," అన్నాడు వెలిబోర్. "ఇంకెవరున్నారు నాకు?"

ఏడుపు షాటు కోసం పదకొండేళ్లుగా ఉల్లిపాయలు పిసుక్కున్న మొహం మీద ఇప్పుడు పిండి చారలు కట్టింది. కెమెరా ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. దెసాంకా వెళ్లి దాన్ని ఆపేసింది. వెలిబోర్ అది చూసి కూడా ఓస్తోయా వైపు కుర్చీ జరిపాడు.

ఆమె ఓస్తోయా తెచ్చిన పొట్లం విప్పి పొయ్యి మీద నీళ్లు పెట్టింది. వెనకాల వెలిబోర్ సన్నగా పల్లవి అందుకున్నాడు. రెండో గొంతు కలిసినట్టే కలిసి ఆగిపోయింది.

"శ్రుతి తప్పావురా. మళ్లీ," అన్నాడు ఓస్తోయా.

పదకొండేళ్లుగా ఆ 'మళ్లీ' వింటేనే ఒళ్లు మండే దెసాంకా, మూడో కప్పు కూడా తీసి కడిగింది.