ఆర్డ్‌మోర్ నుంచి రాని జవాబు

దేశాధ్యక్షుడు మా ఊరికి వచ్చిన రోజు అమ్మ నన్ను స్కూలు మాన్పించి డాలస్ మెయిన్ స్ట్రీట్‌కు తీసుకెళ్లింది. అది అరవై మూడో ఏడు, నాకప్పుడు ఏడేళ్లు. ఆయన కారులోంచి మా వైపు చెయ్యి ఊపాడు. మేం నడిచి బస్‌స్టాపుకు చేరేలోపే ఆయన్ని కాల్చేశారు. ఆ వారమంతా అమ్మ రేడియో దగ్గర్నుంచి కదల్లేదు. మన ఊరిని నమ్మి వచ్చిన మనిషి అని నాన్నతో ఒకటి రెండుసార్లు అంది.

అమ్మ పేరు నోరీన్ క్యాస్. హైస్కూల్లో టైపింగ్ నేర్పేది. మరుసటి ఏడు ప్రభుత్వం విచారణ జరిపి ఇరవై ఆరు సంపుటాలు అచ్చువేసింది. అమ్మ లైబ్రరీలో కూర్చుని వాటిని చదవడం మొదలుపెట్టింది. వాటికి సరైన విషయసూచిక లేదు. ఒక సంగతి వెతకాలంటే వేల పేజీలు తిప్పాలి. దాంతో తనే అట్ట కార్డుల మీద సూచిక రాయడానికి పూనుకుంది. ఈ పని ఇంకెవరైనా చేస్తున్నారా అని పత్రికకు ఒక ఉత్తరం రాస్తే, ఒకే ఒక్క జవాబు వచ్చింది.

రాసినావిడ వెల్డా ప్రూయిట్. పక్క రాష్ట్రం ఓక్లహామాలో ఆర్డ్‌మోర్ అనే ఊళ్లో టెలిఫోన్ ఆపరేటరు. అమ్మకంటే పద్నాలుగేళ్లు పెద్ద. సరి సంఖ్య సంపుటాలు అమ్మవి, బేసివి తనవి అని పంచింది. ప్రతి వారం ఒకరి కార్డులు ఒకరికి పోస్టులో వెళ్లేవి. ఫోన్ మాత్రం వద్దంది. ఫోన్లో ఎన్ని చెవులుంటాయో ఆవిడకు తెలిసినట్టు మరొకరికి తెలియదు.

క్రమంగా పని ఆ ఇరవై ఆరు సంపుటాలతో ఆగలేదు. మన ప్రభుత్వం ఏ దేశంలో ఎవరిని రహస్యంగా కూలదోసింది, ఏ కంపెనీ బోర్డు వెనక గూఢచారుల ఆఫీసు ఉంది, రెండు పేర్లతో బతికే మనుషులెవరు, ఇవన్నీ ఇద్దరూ పాత పత్రికల్లోంచి ఏరేవారు. ఆ కార్డుల మధ్యనే మంచం పట్టిన వెల్డా భర్త సంగతీ, మా నాన్న దగ్గూ, నాకు ఊడిన పళ్లూ ప్రయాణం చేసేవి. వంద మైళ్ల దూరంలోనే ఉన్నా నాలుగేళ్లలో ఒక్కసారి కూడా కలుసుకోలేదు. ఒకరికి ఇల్లు వదలడం కుదిరేది కాదు, ఇంకొకరికి స్కూలు.

అరవై ఎనిమిదిలో గొడవ వచ్చింది. ఒక సాక్షి గురించి, అతను గూఢచారుల మనిషేనని వెల్డా కార్డు మీద తేల్చి రాసేసింది. ఆధారం చూపలేదు. అమ్మకు చిర్రెత్తింది. ఏ రుజువూ లేకుండా ఒక మనిషి మీద మచ్చ వేస్తే ఆ గూఢచారులకూ నీకూ తేడా ఏముందని రాసి పంపింది. దానికి జవాబు రాలేదు. అమ్మ రెండు నెలలు పోస్టు డబ్బా చూసింది. మళ్లీ తనే రాయడానికి మనసొప్పలేదు. తర్వాత వెల్డా పేరు మా ఇంట్లో వినపడలేదు.

ఇరవై ఆరేళ్లు గడిచాయి. నాన్న పోయారు, అమ్మ రిటైరైంది. ఆ హత్య గురించి దాచిన కాగితాలు బయటపెట్టాలని అప్పటికి చట్టం వచ్చింది. అమ్మ తన పేరు మీద ఏమైనా ఉన్నాయేమో ప్రభుత్వాన్ని అడిగి చూసింది. ఏడాది తర్వాత లావుపాటి కవరొకటి వచ్చింది. నేను ఆ రోజు అక్కడే ఉన్నాను. లోపల ఉన్నవి వెల్డా ఉత్తరాల నకళ్లు. ఎవరో ఆ నాలుగేళ్లూ వాటిని విప్పి, ఫొటో తీసి, మళ్లీ అంటించి పంపారు.

చివరి ఉత్తరం దగ్గర అమ్మ ఆగిపోయింది. అది తనకు అందలేదు. పైన ఎవరో ఆఫీసరు ‘ఆపివేయాలి’ అని రాశాడు.

“నోరీన్, నువ్వు తిట్టింది సబబే. మళ్లీ వెతికాను. ఆ సాక్షి ████ ఒట్టి విత్తనాల వ్యాపారి. కార్డు చించేశాను. కోపం తగ్గితే ఈ శనివారం రా. పీచ్ పళ్లు కోసి పెడతాను. ఇంతకాలమైనా ఒకరి మొహం ఒకరం చూడలేదు, ఇదేం స్నేహం చెప్పు?”

ఆ ఉత్తరంలో వ్యాపారి పేరున్న చోట నల్లసిరా పూసేశారు. అమ్మ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

“లినెట్, మామూలు విత్తనాల వ్యాపారి పేరు ఇంతకాలం దాచాల్సిన అవసరం ఏముంటుంది?” అంది నాతో. “వెల్డా మొదట రాసిందే నిజం. నేనే ఆమె చేత చింపించాను.”

ఆర్డ్‌మోర్ ఫోన్ పుస్తకంలో వెల్డా పేరు ఇంకా ఉంది. అమ్మ ఫోన్ చెయ్యనంది. మర్నాడు పొద్దున్నే నా కార్లో బయల్దేరాం. సరిహద్దు నది దాటేదాకా అమ్మ ఆ కవరును ఒళ్లోంచి దించలేదు.

వరండాలో ఉయ్యాల బల్ల మీద ఒక ముసలావిడ కూర్చుని ఉంది. చూపు దాదాపు పోయినట్టుంది, మా వైపు కాకుండా మా అడుగుల చప్పుడు వైపు తల తిప్పింది. ఎవరని అడిగింది.

“నోరీన్ని. డాలస్ నుంచి.”

ఉయ్యాల ఆగింది.

“నేను రమ్మన్నది శనివారం కదమ్మాయ్,” అంది ఆవిడ. “ఇవాళ మంగళవారం.”

అమ్మ మెట్ల మీదే కూర్చుండిపోయింది. తర్వాత పక్కకు చేరి, అది తనకు నిన్ననే అందిందని చెప్పి, ఆ ఉత్తరాన్ని మొదటి నుంచీ చదివి వినిపించింది. తన ఉత్తరమే తను వింటూ వెల్డా పెదాలు కదిపింది. నల్లసిరా సంగతి విన్నాక నవ్వొచ్చింది ఆవిడకు.

“అయితే నేను చెప్పిందే నిజమన్నమాట.”

“అయ్యుండొచ్చు,” అంది అమ్మ.

“చూశావా, ఇప్పటికీ ‘అయ్యుండొచ్చే’! నీ మొండితనం తగలెయ్య.”

నవ్వు అయ్యాక ఆవిడ అమ్మ చెయ్యి వెతికి పట్టుకుంది. ఆ ఉత్తరం రాసిన ఏడు చివర్లోనే భర్త పోయాడని చెప్పింది. నోరీన్ క్షమించలేదు కాబట్టి ఆ మాట కూడా రాయకూడదని ఊరుకుందట. అమ్మ ఆ చెయ్యి వదలకుండా ఏడ్చింది. నాన్న పోయినప్పుడు కూడా ఆమె అలా ఏడవడం నేను చూడలేదు.

లోపల బీరువాలో చెప్పుల పెట్టెల నిండా కార్డులున్నాయి. కళ్లు కనిపించకపోయినా ఆవిడ వాటిని పారెయ్యలేదు. ఆ సాయంత్రం నన్ను ఒక్కదాన్నే ఇంటికి వెళ్లమంది అమ్మ. తొమ్మిది రోజుల తర్వాత ఫోన్ చేసి తన టైప్‌రైటరూ, తన కార్డులూ తెచ్చిపెట్టమంది.

వెల్డా ఇంకో నాలుగేళ్లు బతికింది. అమ్మ వారంలో నాలుగు రోజులు అక్కడే ఉండేది. అమ్మ చదవడం, ఆవిడ తప్పులు పట్టడం, ఇద్దరూ పోట్లాడుకోవడం. అధ్యక్షుణ్ణి ఎవరు చంపించారో వాళ్లకు తేలలేదు. కానీ రెండు సూచికలూ ఒకటవుతూ వచ్చాయి. వెల్డా పోయేనాటికి ఇరవై ఐదో సంపుటం మిగిలింది. అది ఆవిడ వంతు. అమ్మ ఆ ఇంట్లోనే ఇంకో నెల ఉండి దాన్ని పూర్తి చేసి వచ్చింది.