రెండోసారి అడిగే కోడ్

సౌండు కార్డును నడిపించే ఆ డ్రైవర్ కోడ్‌ను కుదించి చూపిస్తే ఆమె ఉద్యోగం ఖాయమవుతుంది. ఇంటిల్లిపాదిలో డిగ్రీ మొహం చూసింది ఆమె ఒక్కతే. నాన్న ఆగలేక, "మా అమ్మాయిది పర్మనెంటు" అని తను పనిచేసే చోట అప్పుడే చాటేసుకున్నాడు.

ఏ కోడ్ కనబడినా కోసిపారేసే టీమ్ లీడర్‌ని అందరూ చాటున కత్తెర అంటారు. ఆయన స్క్రీన్ మీద వేలు పెట్టాడు.

"చూడమ్మా. మెమరీలో ఎంత మేర వాడుకోవచ్చో సిస్టంని అనుమతి అడుగుతుంది ఇది. ముందు పెద్ద మేర అడుగుతుంది. కాదంటే చిన్న మేర అడుగుతుంది. సిస్టం కాదనేది మేర ఎక్కువై కాదు, అసలు ఇవ్వలేకే; పెద్దది కాదంటే చిన్నదీ ఇవ్వదు. మరి రెండోసారి దేబిరించడం దేనికి?"

"ఎవరు రాశారు సార్?"

"పెద్దాయన. నీ కుర్చీ ఆయనదే. సెలవైనా సరే, రెండోసారి అడగందే వదిలేవాడు కాదు పాపం. మనిషే పోయాడు, ఇంకెవరికి మొహమాటం? తీసెయ్."

తీసేసింది. సిస్టం కావాలనే కాదనేలా పెట్టి, పరీక్ష బోర్డు స్విచ్చి వేసింది. బోర్డు చెప్పేదంతా కేబుల్ గుండా ఆమె స్క్రీన్ మీదికొస్తుంది.

'పెద్ద మేర కాదన్నారు.'

అక్కడితో ఆగాలి. ఆగలేదు.

'చిన్న మేర అడుగుతున్నాను.'

కోడ్ అంతా వెతికింది. ఆ మాట ఎక్కడా లేదు. బోర్డును తుడిచి మళ్లీ ఎక్కించింది. మళ్లీ అదే. ఈసారి కింద ఇంకో మాట.

'ఇచ్చారు.'

స్పీకర్లో ఎవరో గొంతు సవరించుకున్నారు.

"ఏమ్మా, శుభ్రమేనా?" అవతలి నుంచి కత్తెర కేకేశాడు.

శుభ్రమే అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. నాన్న కళ్లముందు మెదిలాడు. అయినా అబద్ధం ఆడలేకపోయింది.

"కాదు సార్."

"పాత ఫైలు ఎక్కించుంటావ్, నీ చాదస్తం!" నవ్వుతూ వచ్చి ప్లగ్గు పీకాడు. బోర్డు దీపం ఆరిపోయింది.

స్క్రీన్ మీద ఇంకో మాట పడింది.

'మళ్లీ అడుగుతున్నాను.'

ప్లగ్గు ఇంకా ఆయన చేతిలోనే ఉంది. కోసింది తిరిగి అతికించడం ఎరగని మనిషి, గొంతు తగ్గించి, "పెట్టెయ్ తల్లీ. తీసిన చోటే పెట్టెయ్," అన్నాడు.

పెట్టేసింది. స్క్రీన్ సద్దుమణిగింది.

"మరి... నా పర్మనెంటు సార్?"

"ఖాయమే. దీన్ని కనిపెట్టుకుని ఉండేవాళ్లు ఒకరు కావాలిగా," అన్నాడు ఆమె కళ్లలోకి చూడకుండా.

కుర్చీలో కాస్త చోటు వదిలి, అంచున కూర్చుని, ఆమె ఆ కోడ్ పైన రాసింది: 'రెండోసారి అడగడం ఎప్పటికీ పనికిరాదు. అయినా తీయకండి.'